పడమటి ఎండకు తీగల మీద తెర

తిరుపతిలో పడమటి ముఖం వసారా ఉన్నవాళ్ళకు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం అనే పూట ఉండదు. మూడు గంటలకు కమ్మీల దగ్గర అడుగుపెట్టిన ఎండ గచ్చంతా పాకి, లోపలి గోడెక్కి, పొద్దు పూర్తిగా వాలేదాకా దిగదు. మా మేడ మీది వసారా అలాంటిదే. రెండు కాంక్రీటు స్తంభాల నడుమ పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఖాళీ. కింద అడుగు ఎత్తున ఇటుక గట్టు, దాని మీద స్టీలు కమ్మీలు. సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడ కూర్చోవాలన్నది ఇల్లు కట్టుకున్నప్పటి కోరిక. ఆరేళ్ళపాటు అక్కడ బట్టలు మాత్రమే ఆరాయి.

పైన రెండు అడుగుల సజ్జ ఉంది. కట్టిన మేస్త్రి అది చాలన్నాడు. మధ్యాహ్నం పన్నెండు గంటలకైతే చాలు, ఆయన మాటలో అబద్ధం లేదు. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళకు జానెడు సజ్జ కూడా గొడుగే. కానీ అదే ఏప్రిల్ నెలాఖరున సాయంత్రం నాలుగు గంటలకు సూర్యుడు దిగంతం నుంచి 35 డిగ్రీల ఎత్తుకు దిగి ఉంటాడు, ఐదుకు 20 డిగ్రీలకు. లెక్క వేస్తే మా రెండు అడుగుల సజ్జ నీడ నాలుగు గంటలకు పదిహేడు అంగుళాలు, ఐదు గంటలకు తొమ్మిది అంగుళాలు మాత్రమే కిందికి దిగుతుంది. ఎనిమిది అడుగుల ఖాళీకి తొమ్మిది అంగుళాల నీడ! పడమటి ఎండ ఎదురుగా నడిచి వస్తుంది. దానికి అడ్డం నిలువుగా కట్టాల్సిందే.

ఈ సంగతి పాతవాళ్ళకు తెలియనిది కాదు. పెరటి వసారాకు తాటాకు దడి కట్టారు, ప్రభుత్వ కచేరీలకు వట్టివేళ్ళ తెరలు వేలాడదీసి నీళ్ళు చల్లారు, వెదురు తడికలను తాళ్ళతో చుట్టి పైకి లాగారు. తిరుమల మాడ వీధుల్లో ఇప్పటికీ వేసవి వచ్చిందంటే భక్తుల పాదాలు కాలకుండా నేల మీద తెల్లటి చలువ రంగు పూస్తారు, పందిళ్ళు వేస్తారు. ఆ పందిరి పైనుంచి వచ్చే ఎండకు మందు. మా వసారాకు కావలసింది తడికకు మనవరాలు లాంటిది: తీగల మీద నడిచే తెర.

దుకాణాల్లో వీటిని అవుట్‌డోర్ బ్లైండ్లు అంటున్నారు. అందులో తీగల రకం చూడటానికి చాలా సులువు. పైన ఒక అల్యూమినియం పెట్టె, అందులో గొట్టం, గొట్టానికి చుట్టిన బట్ట. బట్ట కింది అంచుకు బరువైన కడ్డీ. కడ్డీ రెండు చివర్లలో చెరొక రంధ్రం. ఆ రంధ్రాల గుండా పైనుంచి కిందికి బిగించిన రెండు స్టీలు తీగలు. తెర దిగినా ఎక్కినా కడ్డీ ఆ తీగల వెంటే జారుతుంది, గాలికి ఊయల ఊగదు. తెర పైకి చుట్టేస్తే కంటికి రెండు సన్నటి గీతలు తప్ప ఏమీ కనిపించవు. శేషాచలం కొండలు కనిపించే వసారా కాబట్టి ఈ రకానికి నేను పడిపోయింది ఇక్కడే.

దీనికి అన్న లాంటిది జిప్పు రకం. బట్ట అంచులకు జిప్పు పళ్ళు ఉంటాయి, అవి రెండు పక్కలా నిలువు గాడుల్లో నడుస్తాయి. గాలికి గట్టిగా నిలుస్తుంది, పక్కల సందు ఉండదు, దోమలు రావు. ఖరీదు ఎక్కువ, గాడులు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి, పైగా స్తంభాలు రెండూ కచ్చితంగా నిటారుగా ఉండాలి. మన కట్టుబడుల్లో పది అడుగుల దూరంలో రెండు స్తంభాలు వీసమెత్తు తేడా లేకుండా నిలబడిన ఇల్లు చూపిస్తే ఆ మేస్త్రికి పాదాభివందనం చేస్తాను. తీగకు ఈ బాధ లేదు. స్తంభం కాస్త వంకరైనా తీగను తూకం గుండు చూసి దాని దారిన అది నిటారుగా కట్టుకోవచ్చు.

తెర బయటే ఎందుకు, గది లోపల కిటికీకి కర్టెన్ వేసుకుంటే సరిపోదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఎండ గాజులోంచి సులువుగా లోపలికి వస్తుంది. కర్టెన్‌కు తగిలి వేడిగా మారుతుంది. ఆ వేడి మాత్రం గాజులోంచి అంత సులువుగా తిరిగి బయటికి పోదు. అంటే కర్టెన్ వెలుగును ఆపుతుంది కానీ అప్పటికే దొంగ ఇంట్లో దూరాడు. నిండు ఎండకు ఎదురుగా పెట్టిన ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్లు పడతాయి, ఇంచుమించు ఒక ఇస్త్రీపెట్టె. నాలుగు గంటలకు కొంత తగ్గుతుందనుకున్నా మా వసారా ముఖానికి అరడజను ఇస్త్రీపెట్టెలు వెలుగుతున్నట్టే. బయటి తెర వాటిని గుమ్మం అవతలే ఆపుతుంది. బట్ట వేడెక్కినా ఆ వేడిని గాలి అక్కడికక్కడే ఎత్తుకుపోతుంది.

గాలి బరువు ఎంత?

ఇక్కడిదాకా అందరూ చెబుతారు. తెర అమ్మేవాళ్ళు చెప్పనిది గాలి సంగతి. నాకూ ఎవరూ చెప్పలేదు. మొదటిసారి తెర బిగించడానికి వచ్చిన మనిషి అడుగున ఇటుక గట్టుకు రెండు చిన్న రంధ్రాలు చేసి, ప్లాస్టిక్ రావల్ ప్లగ్గులు దూర్చి, వాటిలో కొక్కేలు తిప్పి తీగలు కట్టి వెళ్ళాడు. ముప్పావు గంట పని. మూడు వారాలు దివ్యంగా ఉంది. మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. మామిడి తోటల వాళ్ళు గుండెలు పట్టుకునే రకం గాలి. నేను కింద ఉన్నాను. పైన ఫెళ్ళుమని శబ్దం వినిపించి పరుగెత్తేసరికి ఎడమ పక్క కొక్కెం ప్లగ్గుతో సహా ఊడి, చుట్టూ గుప్పెడు ఇటుక పొడితో గాలిలో తిరుగుతోంది. కడ్డీ గోడ దీపాన్ని పగలగొట్టి, రెండోసారి నా తలను గురి చూసింది. తీగకు మాత్రం గీత కూడా పడలేదు.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. వేసవిలో వాతావరణ వార్తల్లో ‘గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు’ అన్న మాట తరచూ వింటాం. ఆ మాటను కిలోల్లోకి మార్చి చూడండి. భవనాల మీద గాలి ఒత్తిడికి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో చిన్న సూత్రం ఉంది. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్ల పైచిలుకు, ఒత్తిడి 74 న్యూటన్లు. మా తెర వైశాల్యం దాదాపు 7.4 చదరపు మీటర్లు. మొత్తం బరువు సుమారు 56 కిలోలు. గాలి 50కి పెరిగితే 88 కిలోలు. 80 అయితే 224 కిలోలు. వేగం రెట్టింపు అయితే బరువు నాలుగింతలవుతుంది. ‘40 నుంచి 50’ అని వార్తల్లో ఒక్క గుక్కలో చదివేసే ఆ పది కిలోమీటర్ల తేడాలోనే నా గోడ దీపం పోయింది. బట్టకు సన్నటి రంధ్రాలు ఉంటాయి కదా, గాలి పోదా అంటారు. కొంత పోతుంది. కానీ నూటికి ఐదు పాళ్ళు ఖాళీ ఉన్న బట్ట గాలి విషయంలో దుప్పటికి మరీ దూరమేమీ కాదు.

ఇప్పుడు ఆ 56 కిలోలు ఎక్కడికి పోతాయో వెంబడిద్దాం. సగం పైన గొట్టానికి, అక్కడి నుంచి బీముకు. మిగతా సగం, 28 కిలోలు, కింది కడ్డీకి. కడ్డీ దాన్ని రెండు తీగలకు పంచితే తీగకు 14 కిలోలు. తీగను మనం ముందే 50 కిలోల బిగువుతో కట్టామనుకోండి. కడ్డీ పూర్తిగా దిగి, కింది బిగింపుకు నాలుగు అంగుళాల పైన ఉంటే తీగ పక్కకు జరిగేది రమారమి ఒక అంగుళం. అదే తెరను సగంలో ఆపితే? అప్పుడు గాలి తగిలే బట్ట సగమే, తీగ మీద పడే బరువూ 7 కిలోలే. అయినా తీగ మూడు అంగుళాలకు పైగా వంగుతుంది. ఎందుకంటే బట్టలారేసే తాడును మధ్యలో నొక్కితే వంగినట్టు గుంజ పక్కన నొక్కితే వంగదు. ‘గాలి వస్తోంది, తెర సగానికి ఎత్తేయండి’ అనేది చాలా ఇళ్ళలో వినిపించే సలహా. అది తప్పు. ఎత్తితే పూర్తిగా ఎత్తాలి.

ఇంకో చిక్కు ఉంది. తీగ కడ్డీని ముందుకూ వెనక్కూ పోకుండా ఆపుతుంది, పైకి పోకుండా ఆపదు. కిందికి పట్టి ఉంచేది కడ్డీ బరువు ఒక్కటే. గాలి నిండితే బట్ట పొట్ట ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు కావలసిన బట్టను కింది నుంచే లాక్కుంటుంది, కడ్డీ తీగల వెంట పాక్కుంటూ పైకి లేస్తుంది. దాన్ని ఆపడానికి కింద కొక్కెం వేసే ఏర్పాటు కొన్నింటిలో ఉంటుంది. మంచిదే. కానీ కొక్కెం వేసిన తెర పడవ తెరచాప లాంటిది. గాలి తప్పించుకునే దారి మూసేశాం కాబట్టి బరువంతా బిగింపుల మీద పడుతుంది. పిల్లగాలికి కొక్కెం సుఖం. ఈదురుగాలికి తెర పైకి చుట్టడం ఒక్కటే దారి. ఎంత గట్టి తీగైనా, ఎంత ఖరీదైన బట్టైనా ఈ మాట మారదు. ఇది ఎండ తెర, గాలి గోడ కాదు.

తెగేది ఏది, ఊడేది ఏది

మూడు మిల్లీమీటర్ల స్టీలు తీగ తెగాలంటే సుమారు అర టన్ను లాగాలి. కాబట్టి తీగ మందం గురించి దుకాణంలో గంటసేపు బేరమాడటం దండగ. ఊడేది గోడ, లేదా జారేది తీగ చివరను పట్టి ఉంచే క్లాంపు. నా డబ్బు, నా శ్రద్ధ రెండోసారి అక్కడే పెట్టాను.

రెండోసారి పిలిచింది కరకంబాడి రోడ్డులో ఇనుప పని చేసే ఒక పెద్దాయనను. వచ్చీ రాగానే తీగ వైపు చూడలేదు. స్తంభాన్నీ గట్టునూ చూపుడువేలు మడిచి తట్టి చూశాడు. ‘ఈ గట్టు నమ్మొద్దు సార్. స్తంభానికే వేద్దాం’ అన్నాడు. ఇటుక గోడకు బోల్టు వేస్తే అది ఇటుకలో దిగిందో, ఇటుకల మధ్య సిమెంటు సందులో దిగిందో పూత మీద నుంచి తెలియదు. సందులో దిగితే పట్టు సున్నా. బిగిస్తే విచ్చుకునే యాంకర్ బోల్టును ఇటుకలో వేస్తే అది విచ్చుకుంటూ ఇటుకనే చీలుస్తుంది. ఆ బోల్టులు కాంక్రీటుకు పుట్టినవి. తప్పనిసరై ఇటుకకే వేయాలంటే రంధ్రంలో రసాయన జిగురు నింపి కడ్డీ దింపే కెమికల్ యాంకర్ నయం.

నేలకే వేస్తే పోలేదా అని నేను అడిగాను. ఆయన నవ్వి, ‘కింద పడకగది ఎవరిది సార్?’ అన్నాడు. మాదే. మేడ మీద గచ్చుకు బోల్టు వేయడమంటే స్లాబుకు రంధ్రం పెట్టడం. ఆశ్వయుజ, కార్తీక మాసాల వానకు ఆ రంధ్రం దారి చూపిస్తుంది. ఈశాన్య రుతుపవనాల వాన ఈ ఊరికి కొత్త కాదు, 2021 నవంబరు వరదలో వీధులు వాగులైన ఊరు ఇది. కాబట్టి నేల జోలికి పోకుండా, రెండు స్తంభాల పక్క ముఖాలకు గచ్చుకు జానెడు పైన మూల మడిచిన స్టీలు పట్టీలు బిగించి, తీగల కింది చివరలు వాటికి కట్టాలని తీర్మానించాం.

పైన సజ్జకు వేలాడదీస్తే సులువు. అక్కడ నిచ్చెన అందుతుంది. అదీ కుదరదన్నాడు. సజ్జ అంచు మూడు అంగుళాల మందమే ఉంటుంది. గాలిలోకి చాచి ఉన్న పలక కాబట్టి దాని అసలు కమ్మీలు పైభాగంలో నడుస్తాయి. పైనుంచి రంధ్రం పెడితే కమ్మీ తెగే ప్రమాదం, కిందినుంచి పెడితే పట్టుకు చోటు చాలదు, అంచుకు దగ్గరగా పెడితే మూల పెచ్చు ఊడి వస్తుంది. ఏ కాంక్రీటులోనైనా బోల్టుకూ అంచుకూ మధ్య నాలుగు అంగుళాలైనా వదలాలన్నది ఆయన లెక్క. తెర పెట్టె చివరికి బీము లోపలి ముఖానికి వెళ్ళింది.

రంధ్రం చేయడం రెండు నిమిషాలు. దాన్ని శుభ్రం చేయడం పది నిమిషాలు. ఈ పది నిమిషాలే మొదటివాడు మిగుల్చుకున్నది. రంధ్రంలో కాంక్రీటు పొడి మిగిలితే బోల్టు రాతిని పట్టుకోదు, పొడిని పట్టుకుంటుంది. జిగురైతే పొడికే అంటుకుని కూర్చుంటుంది. ఆయన సంచిలోంచి సైకిలు పంపు తీశాడు. గొట్టం చివర రంధ్రంలో పెట్టి నాలుగు సార్లు కొట్టాడు. పిండి మరలో ఎగిరినట్టు తెల్లటి పొడి ఎగిరింది. తర్వాత సీసాలు కడిగే సన్నటి బ్రష్షు దూర్చి తిప్పాడు. మళ్ళీ పంపు. మళ్ళీ బ్రష్షు. పొడి రావడం ఆగాక గానీ బోల్టు ముట్టుకోలేదు. బోల్టు బిగిశాక పట్టీని రెండు చేతులతో పట్టుకుని, కాలు స్తంభానికి తన్ని పెట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగాడు. ఆ మనిషి డెబ్భై కిలోలు ఉంటాడు. అదే ఆయన పరీక్ష యంత్రం.

తీగ చివర మడిచి క్లాంపు వేయడంలో ఒక మెలకువ ఉంది. యు ఆకారం బోల్టు క్లాంపుకు రెండు భాగాలు: గాడి ఉన్న దిమ్మ ఒకటి, వంపు తిరిగిన కడ్డీ ఒకటి. బరువు మోసే పొడుగు తీగ వైపు దిమ్మ ఉండాలి. మడిచి మిగిలిన పొట్టి తోక వైపు కడ్డీ ఉండాలి. తిరగేసి వేస్తే కడ్డీ బరువు మోసే తీగనే నలిపేస్తుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. మా మొదటి తెరకు నాలుగు క్లాంపులుంటే రెండు ఒకరకంగా, రెండు ఇంకోరకంగా ఉన్నాయి. చేతికి ఎలా అందితే అలా వేశాడన్నమాట. తీగ మడత లోపల లోహపు గాడి ముక్క కూడా ఉండాలి, లేకపోతే మడతలోని పోగులు ఒక్కొక్కటిగా విరుగుతాయి.

ఎంత బిగించాలి? తీగను బిగించే మర, టర్న్‌బకిల్, తిప్పుతూ ఉంటే తీగ ఇంకా ఇంకా బిగుస్తుంది, మనకు సరదా కూడా పుడుతుంది. వీణ తంతిలా మోగేదాకా బిగించిన ఇళ్ళు చూశాను. అవసరం లేదు. తీగలో 50 కిలోల బిగువంటే పైబిగింపును కిందికి, కిందిబిగింపును పైకి రేయింబవళ్ళు 50 కిలోలతో లాగుతూ ఉండటమే. గాలి లేని రోజున కూడా. వదులైతే కడ్డీ ఊగుతుంది, మరీ బిగిస్తే పట్టీలు అలసిపోతాయి. మధ్యలో వేలితో నొక్కితే కొద్దిగా లొంగి, వదలగానే తిరిగి నిటారుగా నిలిస్తే చాలు. రెండు తీగలూ ఒకే బిగువులో ఉండటం అంతకన్నా ముఖ్యం. ఒకటి వదులైతే కడ్డీ ఆ పక్కకు తిరిగి రెండో పక్క ఇరుక్కుంటుంది.

తీగ, కడ్డీ, గొట్టం మూడూ ఒకే నిలువులో ఉండాలంటే వినడానికి సులువే కానీ అందులో తమాషా ఉంది. బట్ట చుట్టుకున్నప్పుడు చుట్ట లావుగా ఉంటుంది, దిగేకొద్దీ సన్నబడుతుంది. అరవై మిల్లీమీటర్ల గొట్టానికి అర మిల్లీమీటరు బట్టను ఎనిమిది అడుగులు చుడితే దాదాపు పన్నెండు చుట్లు వస్తాయి. అంటే తెర పూర్తిగా దిగేసరికి బట్ట వేలాడే చోటు సుమారు ఆరు మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. అందుకే మంచి కడ్డీల చివర రంధ్రం గుండ్రంగా కాక కోలగా ఉంటుంది. తీగను తెర దిగి ఉన్నప్పటి నిలువుకు కట్టుకోవాలి. ఇక గొట్టం రసమట్టం చూసి కచ్చితంగా అడ్డంగా కూర్చోకపోతే బట్ట చుట్టుకున్నప్పుడల్లా ఒక పక్కకు జరిగి, అంచు పెట్టెకు రాసుకుని పీచులు లేస్తుంది. నెలలోపే తెలిసిపోతుంది.

వసారా ఇరవై అడుగులుంటే ఒకే పెద్ద తెర వేయమని అడగకండి. గొట్టం పొడవు రెట్టింపైతే నడుము వంగేది రెట్టింపు కాదు, పదహారు రెట్లు. నడుము వంగిన గొట్టం మీద బట్ట ముడతలు పడుతుంది. పది అడుగులవి రెండు వేసి మధ్యలో నాలుగు వేళ్ళ సందు ఓర్చుకోవడం మేలు.

బట్ట, రంగు, హ్యాండిలు

బట్ట గురించి ఇంట్లో జరిగినంత చర్చ మిగతా అన్నింటికీ కలిపి జరగలేదు. మా పిన్ని శ్రీకాళహస్తి కలంకారీ వేయించమంది. ఆ సహజ రంగులు పడమటి ఎండకు ఎంతకాలం నిలుస్తాయో ఆమెకే బాగా తెలుసు, అందుకే తర్వాత తానే వెనక్కి తీసుకుంది. నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్టు చవక, పందిరికి బంగారం లాంటిది. కానీ గొట్టానికి చుట్టే తెరకు పనికిరాదు. సాగుతుంది, అంచులు మడత పడతాయి. బయటి తెరలకు ప్లాస్టిక్ పూత పూసిన పాలిస్టర్ జల్లెడ బట్ట వాడతారు.

ఆ బట్ట మీద 3 శాతం, 5 శాతం, 10 శాతం అని ఉంటుంది. అది రంధ్రాల వాటా. సంఖ్య పెరిగితే గాలీ వెలుగూ ఎక్కువ, ఎండా ఎక్కువ. ఎదురెండ పడే పడమటి ముఖానికి 5 దాటవద్దని నా అభిప్రాయం. రంగు దగ్గర అందరూ పొరబడతారు. తెల్లది చల్లన అని తెలుపు తీసుకుంటారు. వేడిని తిప్పికొట్టడంలో తెలుపు మేలే. కానీ ఎండ పడిన తెల్లబట్ట దీపంలా వెలిగిపోతుంది, కళ్ళు చికిలించుకుని కూర్చోవాలి, అవతల కొండ కనిపించదు. ముదురు రంగు ఎండను తాగి తాను వేడెక్కుతుంది, కానీ దానిలోంచి బయటి దృశ్యం స్పష్టంగా కనిపిస్తుంది. గదికైతే తెలుపు ఆలోచించేవాణ్ణి. గాలి ఆడే వసారాకు బూడిద రంగు తీసుకున్నాను.

మోటారు బాగుంటుంది, మీట నొక్కితే తెర దిగుతుంది. కానీ ఈదురుగాలి వచ్చిందంటే మన వీధుల్లో మొదట పోయేది కరెంటు. తెరను తప్పనిసరిగా పైకి ఎత్తాల్సిన క్షణంలోనే మోటారు మొండికేస్తుంది. చేత్తో తిప్పే హ్యాండిలు కూడా ఉన్న మోటారైతే సరే. లేకపోతే వట్టి హ్యాండిలే నమ్మకం. ఎనిమిది అడుగులు చుట్టడానికి నాకు అర నిమిషం పడుతుంది.

స్టీలు తీగ తుప్పు పట్టని 304 రకమైతే ఈ ఊరికి చాలు. 316 సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళకు. అయస్కాంతం పెట్టి స్టీలును పరీక్షించే అలవాటు మనకు ఉంది కానీ తీగ దగ్గర అది మోసం చేస్తుంది. చల్లగా సాగదీసిన మంచి స్టీలు తీగ కూడా అయస్కాంతానికి కొద్దిగా అంటుకుంటుంది. అంటుకుంది కదా అని దుకాణదారుతో గొడవ పడి పరువు పోగొట్టుకున్నది నేనే. స్క్రూలు మాత్రం మామూలు ఇనుమువి వేయనివ్వకండి. మొదటి వానకే పెట్టె మీద ఎర్రటి చారలు కారుతాయి.

పక్క సందు ఈ రకానికి పుట్టుమచ్చ. తీగకూ స్తంభానికీ మధ్య రెండు అంగుళాలు వదలక తప్పదు. ఏ పక్క ఎక్కువ బాధిస్తుందో ముందే చెప్పవచ్చు. జూన్ నెలలో పొద్దు నేరుగా పడమట కుంకదు, దాదాపు 24 డిగ్రీలు ఉత్తరానికి జరిగి కుంకుతుంది. డిసెంబరులో అంతే దక్షిణానికి. మనకు ఎండ బాధ వేసవిలో కాబట్టి దొంగ ఎండ ఉత్తరపు సందులోంచే దూరుతుంది. బట్ట కొలతలు తీసేటప్పుడు ఆ పక్క వీలైనంత తీగను స్తంభానికి దగ్గరగా జరపమని అడగాలి. నేను మరిచిపోయాను. సాయంత్రం ఐదున్నరకు ఇప్పటికీ ఒక నిలువు గీత వచ్చి నా కుర్చీ చేతి మీద కూర్చుంటుంది.

తడిసిన తెరను అలాగే చుట్టి వదిలేస్తే చుట్టలో బూజు పడుతుంది. గాలి తగ్గాక దించి ఆరనివ్వాలి. పెట్టెలో కందిరీగలు గూడు కడతాయి, వేసవి మొదట్లో తెర దించేముందు ఒకసారి తొంగి చూడటం మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా తెర పైనే ఉంటుంది. ఆ నెలల్లో దానితో పని లేదు, గాలితో మాత్రం ఉంది.

పెద్దాయన వెళ్ళేముందు మా అమ్మాయి గోళ్ళ రంగు సీసా అడిగి తీసుకున్నాడు. టర్న్‌బకిల్ నట్టు మీదుగా దాని ఒంటి మీదికి ఒక ఎర్రటి గీత గీశాడు. నట్టు వదులై తిరిగితే గీత తెగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది, వెంటనే బిగించుకోవచ్చు. ఈ వేసవిలో ఆ గీత రెండుసార్లు తెగింది, రెండుసార్లూ ఉత్తరపు తీగ మీదే. గాలి అనుకున్నాను. కొండ పక్క నుంచి మా మేడకు దిగే కోతులు కమ్మీల మీది నుంచి సజ్జ ఎక్కడానికి ఆ తీగనే పట్టుకుంటున్నాయని మొన్న కాఫీ తాగుతూ ఉంటే తెలిసింది.